ఆకుతోటకు తాఖీదు

మా నడిగడ్డపల్లెలో ఇప్పుడు ఎవరైనా బల్బు వంక రెండోసారి చూస్తే నేరం. ఒకసారి చూడొచ్చు. మొదటి చూపు వెలుగు కోసం, రెండో చూపు సమాచారం కోసం అని ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. మేం పల్లెటూరి వాళ్ళం, చెప్పిన మాట వింటాం. స్విచ్చి వేసి ఒక చూపు చూసి తల దించుకుంటాం.

ఇంతదాకా ఎట్లా వచ్చిందో చెప్తాను.

ఊరికి పడమర పటాలం ఉంది. మిలిటరీ వాళ్ళ శిబిరం. మేం పుట్టకముందు నుంచీ ఉంది. లోపల ఏముందో మాకు తెలియదు. గోడ ఉంది, గోడ మీద ముళ్ళకంచె ఉంది, కంచె మీద కాకులుంటాయి. మాకూ పటాలానికీ సంబంధం కరెంటు లైను ఒక్కటే. టౌను నుంచి వచ్చే లైను మా ఊరి మీదుగా పోయి, ఆ తర్వాత పటాలం గోడ దాటుతుంది. వాళ్ళు లోపల ఏదైనా పెద్ద మిషను వేస్తే మా ఊళ్ళో బల్బులు మసకబారతాయి. తీసేస్తే తెల్లబడతాయి.

మోటారు ఉన్న ప్రతి రైతూ స్విచ్చి వేసే ముందు దస్తగిరి టీకొట్లో బల్బు చూసి పోవడం మా ఊరి అలవాటు. దస్తగిరి ఆ బల్బును పగలు కూడా ఆర్పడు. మసగ్గా ఉంటే మోటారు వేయకూడదు, వేస్తే లోపలి చుట్ట కాలిపోతుంది. తెల్లగా ఉంటే పరుగెత్తిపోయి వేయాలి. అందుకని టీకొట్టు దగ్గర ఎప్పుడూ నలుగురు తలలెత్తి నిలబడి ఉంటారు. కొత్తగా వచ్చిన వాళ్ళు అక్కడేదో దేవుడి పటం ఉందనుకుని చెప్పులు విడుస్తారు.

బల్బు చూడటంలో మా నాగులక్కను మించిన వాళ్ళు లేరు. నాగులమ్మ మా పెదనాయన కూతురు. మొగుడు పోయినాక ఆయన నాటిన ఆకుతోటను తనే నడుపుకుంటోంది. ఆకుతోట అంటే తమలపాకు తోట. అవిశ చెట్లు వరసగా ఉంటాయి, వాటిని పట్టుకుని తీగలు పైకి పాకుతాయి. లోపలికి చెప్పులతో పోరు, అది ఆచారం. ఎండాకాలంలో ఈ తోటకి రోజు మార్చి రోజు తడి తగలాలి. తగలకపోతే ముందు ఆకు పండుబారుతుంది, తర్వాత తీగ కణుపుల దగ్గర విడిపోయి కింద పడుతుంది. కింద పడిన తీగ మళ్ళీ లేవదు. తోటతో పాటు ఆమెకు రెండు బర్రెలున్నాయి. తన పాలూ, చుట్టుపక్కల వాళ్ళ పాలూ కలిపి పటాలం గేటు దగ్గర పోసి వస్తుంది. ఎన్ని క్యాన్లు కావాలో పటాలం వాళ్ళు ఎన్నడూ చెప్పలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. బల్బు చూసి పోసేది. ఏనాడూ పాలు మిగల్లేదు, ఏనాడూ తక్కువ రాలేదు.

పోయిన వేసవిలో బల్బు తెల్లగా ఉండటం చూసి మోటారు వేసింది. తోటలో సగానికి నీళ్ళు పారేసరికి లోపల ఏం వేశారో ఏమో, బల్బు ఎర్రటి పురుగైపోయింది. మోటారు కాలింది. చుట్టించి తెచ్చింది. మళ్ళీ కాలింది. అప్పుడు నన్ను తోడు తీసుకుని కరెంటాఫీసుకు పోయింది.

ఏఈ సారు మర్యాదస్తుడు. కుర్చీ వేయించాడు.

"వోల్టేజీ తక్కువగా ఉందని మీరంటున్నారమ్మా. మా దగ్గర అట్లా లేదు."

"మా ఊరికొచ్చి బల్బు చూడు సామీ."

"బల్బు మా శాఖ గుర్తించిన పరికరం కాదు."

"పటాలమోళ్ళు వాడతాండారు గదా, దాంతోనే మాకు తగ్గతాంది."

ఏఈ సారు లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. "ఆ మాట మాత్రం అనకండి. అది విచారణలో ఉన్న అంశం."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. కరెంటు కంపెనీ అంటుంది: పటాలం మా వినియోగదారు, ఊళ్ళో ఒక ఇల్లెంతో వాళ్ళూ అంతే. పటాలం అంటుంది: మేం కరెంటు తీసుకుని మా క్వార్టర్లకీ, వంటశాలకీ, ఆసుపత్రికీ పంచుతున్నాం, పంచేవాడు వినియోగదారు ఎట్లా అవుతాడు, మేమూ ఒక కంపెనీయే, నీతో సమానం. ఈ కేసు మొదలుపెట్టిన వకీళ్ళు రిటైరై, వాళ్ళ అల్లుళ్ళు వాదిస్తున్నారు. తేలేదాకా లైనును ఎవరూ ముట్టుకోరు. ఎవరు కొత్త తీగ లాగితే లైను వాళ్ళదేనని ఒప్పుకున్నట్టవుతుందట. అందుకని మా నాయన కాలంలో లాగిన తీగ మీదే ఊరూ పటాలమూ రెండూ వేలాడుతున్నాయి.

"చూడమ్మా," అన్నాడు ఏఈ సారు, "వాళ్ళు వినియోగదారా కాదా అన్నదే తేలలేదు. వినియోగదారు కాని వాళ్ళు కరెంటు వినియోగించారని నేనెట్లా రాస్తాను? రాస్తే విచారణను ప్రభావితం చేసినట్టు. కాబట్టి రికార్డు ప్రకారం వాళ్ళు వాడలేదు. వాళ్ళు వాడలేదు కాబట్టి మీకు తగ్గలేదు."

"తగ్గకపోతే మోటారెందుకు కాలిందబ్బా?"

"అది మోటారును అడగాలి."

మనిషి మంచివాడే. మేం లేచేటప్పుడు మెల్లగా చెప్పాడు, విద్యుత్ వివాదాల మండలి వాళ్ళు స్థల పరిశీలనకు మా ఊరే వస్తున్నారనీ, ఏదన్నా ఉంటే అక్కడ మొరపెట్టుకోమనీ.

వచ్చారు. మండలి తరఫున కమిషనరు అని ఒక పెద్దాయన, పూర్వం జడ్జీగా చేశాడట. ఆయనకు ఒక పక్క కంపెనీ వకీలు, ఇంకో పక్క పటాలం వకీలు. పటాలం తరఫున మేజర్ సోమయాజులు. కోస్తా మనిషి, తెలుగు శుభ్రంగా మాట్లాడతాడు. ఊళ్ళో నీడ ఉన్న చోటు దస్తగిరి టీకొట్టే కాబట్టి విచారణ అక్కడే పెట్టారు. మా వాళ్ళు బల్బు వదిలేసి వాళ్ళను చూస్తూ నిలబడ్డారు.

లైను ఏ స్తంభం దగ్గర్నుంచి పటాలానిది అన్నది ఆ రోజు తేలాల్సిన విషయం.

"గోడ దాటేదాకా అది మాది," అన్నాడు కంపెనీ వకీలు.

"గోడతో నిమిత్తం లేదు," అన్నాడు పటాలం వకీలు. "దేశ రక్షణ నిమిత్తం బయల్దేరిన క్షణం నుంచీ అది రక్షణ కరెంటే."

కమిషనరు కళ్ళద్దాలు తీశాడు. "ఒకే తీగలో రెండు రకాల కరెంటు కలిసి వస్తున్నదని తమరి వాదనా?"

"చిత్తం. ఊరి కరెంటు ఊరి దగ్గర దిగిపోతుంది. మిగిలింది క్రమశిక్షణతో ముందుకు సాగుతుంది."

కమిషనరు అది రాసుకున్నాడు. అప్పుడు నాగులక్క జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"అయ్యా, యా కరెంటు ఎవరిదైతే నాకేల. వాళ్ళు మిషను ఏసినపుడల్లా నా మోటారు కాల్తాంది. తోట ఎండిపోతాది. లైను బాగు చేయించండి, అంతే."

"వాళ్ళు ఎప్పుడు వేస్తారో నీకెట్లా తెలుసమ్మా?" అన్నాడు కమిషనరు. పెద్దమనిషి, నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

"ఇదో, ఈ బల్బే సాక్ష్యం." అక్క చెయ్యెత్తి చూపించింది. అందరూ తలలెత్తారు. "ఇప్పుడు రవ్వంత ఎర్రగుండాది సూడు సామీ. పిండి పిసికే మిషను ఏసినారు, మద్దేనం రొట్టెలకి. పొద్దున్నే మసకేస్తే గీజర్లు. రోజూ ఏసేంత కంటే మసక ఎక్కువుంటే కొత్తోళ్ళు దిగినట్టు. మొన్న అట్లనే ఏసింది. రెండు క్యాన్లు ఎక్కువ తీసకపోయినా." మేజరు వైపు తిరిగింది. "సాలినాయా సారూ?"

"చాలాయి," అన్నాడు మేజరు, అలవాటుగా. ఆ మాట నోటి నుంచి బయటికొచ్చాక ఆయన ముఖంలో రంగు దిగిపోయింది.

 టీ మరిగే చప్పుడు వినిపించింది.

"ఈ పరిశీలన తక్షణం నిలిపివేయాలి," అన్నాడు మేజరు. "శిబిర బలగాల సంఖ్య బహిరంగ ప్రదేశంలో ప్రదర్శనకు ఉంచబడి ఉన్నది."

"సార్, అది నలభై వాట్ల బల్బు సార్," అన్నాడు దస్తగిరి.

"వాట్లు చెప్పొద్దు!"

మర్నాటి నుంచి బల్బుకు నల్లగుడ్డ తొడిగారు. కింద తుపాకీతో ఒక జవానును నిలబెట్టారు. అతనికి బల్బును కాపాడే అధికారం ఉంది కానీ చూసే అధికారం లేదు. అందుకని దానికి వీపు పెట్టి నిలబడేవాడు. మేం ఊళ్ళో మిగతా బల్బులు చూసుకోవడం మొదలుపెట్టాం. ఆ సంగతి తెలిసి రెండో చూపు ఉత్తర్వు వచ్చింది. ఫ్యాను వేగం, మిక్సీ చప్పుడు, సీరియల్ మధ్యలో టీవీ బొమ్మ కుంచించుకుపోవడం, ఇవన్నీ సున్నితమైన సూచికలని అందులో రాశారు. వాటి మీద పరస్పరం అభిప్రాయాలు చెప్పుకోరాదు. మా అందరి చేతా వోల్టేజీ గురించి ఎవరితోనూ మాట్లాడబోమని ప్రమాణం చేయించి వేలిముద్రలు తీసుకున్నారు.

"ఏమప్పా, టీ తాగను వచ్చినావా, గూఢచర్యానికి వచ్చినావా?" అనేవాడు దస్తగిరి, గిరాకీ వచ్చినప్పుడల్లా.

"టీకే. పంచదార ఎయ్యి. మా ఇంట్లో ఫ్యాను..."

"ఫ్యాను మాటెత్తితే టీ లేదు. నాకు పెండ్లాం పిల్లలుండారు."

అయినా మేజరుకు నిద్ర పట్టలేదు. మనుషుల నోళ్ళు మూయించొచ్చు, మసకను మూయించలేం. పై వాళ్ళతో ఆలోచించి ఒక విధానం తెచ్చాడు. దాని పేరు సమభార విధానం. పటాలంలో పది మందున్నా వెయ్యి మందున్నా కరెంటు ఒకే తీరుగా కాలాలి. అప్పుడు ఏ బల్బు చూసినా శత్రువుకు ఏమీ అర్థం కాదు. అందుకని గీజర్లన్నీ, పిండి మిషన్లన్నీ, మోటార్లన్నీ, లైట్లన్నీ వేసి వదిలేశారు. పగలు లేదు రాత్రి లేదు. నడి మే నెలలో జవాన్లు ఉడుకు నీళ్ళు పోసుకున్నారు. పిండి లేకుండా పిండి మిషన్లు తిరిగాయి. గేటు దగ్గర పాలు తీసుకునే జవాను ఒంటి నిండా చెమటకాయలతో వచ్చి, "అమ్మా, కొంచెం మజ్జిగుంటే పొయ్యి," అని అడిగేవాడు.

ఆ విధానం మొదలైన రోజు మేజరు తనే వచ్చి బల్బు మీది గుడ్డ తీసేశాడు. బల్బు లోపలి తీగ ఒక్కటే ఎర్రగా కనిపిస్తోంది. ఎంతసేపైనా అట్లాగే ఉంది.

"ఇప్పుడు చూసుకో నాగులమ్మా," అన్నాడు గర్వంగా. "నీకేమైనా తెలుస్తున్నదా?"

"తెలుస్తాంది సారూ. నా మోటారు ఇంక తిరగదని."

మేజరు బాధపడ్డాడు. ఆయన రాయి కాదు. "దేశం కోసం ప్రాణాలే ఇస్తున్నారమ్మా," అన్నాడు.

"ఇస్తాండారు. నేను కాదంటినా? మీ పానం మీరిస్తే దేశానికి. నా తోట పానం ఎవురడిగినారని తీసుకుంటాండారు?"

మేజరు విధానం కాగితాలు తిరగేశాడు. తోట మాట అందులో ఎక్కడా లేదు. జీపెక్కి పోయాడు. రెండో చూపు ఉత్తర్వు మాత్రం అట్లాగే ఉంచారు. రద్దు చేస్తే ఇన్నాళ్ళూ ఎందుకు పెట్టారో చెప్పాల్సి వస్తుందట.

నాగులక్క బండి మీద డ్రమ్ములు పెట్టుకుని చెరువు అడుగున మిగిలిన నీళ్ళు తోలింది. మా ఇంటి ఆడవాళ్ళూ బిందెలతో పోయారు. బిందెతో పోసిన నీళ్ళు మొదటి వరసలు దాటలేదు. వెనక వరసల్లో ఆకు పండుబారింది. పొద్దున పోయి చూస్తే చెట్టు మొదట్లో పండుటాకులు పసుపు చల్లినట్టు రాలి ఉండేవి. అక్క వాటిని ఊడ్చలేదు. ఏరి బుట్టలో వేసింది.

"నగరానికి పోదాం పద తమ్ముడా," అంది. "ఆ మండలాయన ముందర పెడతా."

మండలి హాలు చల్లగా ఉంది. బయట ఎండ మండుతుంటే లోపల మాకు ఒళ్ళు వణికింది. పైన ముగ్గురు కూర్చున్నారు. నడిమి ఆయన అధ్యక్షుడు. అక్క బుట్ట కింద పెట్టి దండం పెట్టింది.

"ఏమిటది?" అన్నాడు అధ్యక్షుడు.

"నా ఆకు సామీ. సూడండి ఎట్లయిపోయిందో."

పటాలం వకీలు ఒక్క ఉదుటున లేచాడు. "అభ్యంతరం! ఈ ఆకు పండిన తీరును బట్టి శిబిరంలో ఎన్నాళ్ళుగా ఎంత కరెంటు వాడుతున్నదీ శత్రువు అంచనా కట్టగలడు. ఇది రక్షణ సమాచారం. బుట్టకు సీలు వేయించవలసిందిగా కోరుతున్నాను."

సీలు వేశారు. లక్క కరిగించి, గుడ్డ కట్టి, ముద్ర కొట్టి. నా ఎరుకలో ఇంత మర్యాద ఏ ఆకుకూ జరగలేదు.

కంపెనీ వకీలు లేచాడు. "మా రికార్డు ప్రకారం నడిగడ్డపల్లెలో వోల్టేజీ పరిపూర్ణంగా ఉన్నది. అవతలి పక్షం ఎంత వాడిందో రహస్యం. రహస్యాన్ని మేం లెక్కలోకి తీసుకోలేం. తీసుకోలేం కాబట్టి తగ్గుదల లేదు."

ఆ ఇద్దరు వకీళ్ళు ఏకీభవించడం అన్నేళ్ళ కేసులో అదే మొదటిసారని పక్కనున్న గుమాస్తా నాకు చెప్పాడు. అతని కళ్ళు కొంచెం చెమర్చాయి కూడా.

అధ్యక్షుడు దయగల మనిషి. ముందుకు వంగి అడిగాడు. "అమ్మా, ఈ వ్యవహారంలో నష్టపోయింది ఎవరు? నువ్వా, తోటా?"

అక్క ఆలోచించింది. "నాదేముంది సామీ, నేను తాగను నీళ్ళుండాయి. ఎండేది తోటే."

"అదీ సంగతి. కానీ ఈ వ్యాజ్యంలో తోట కక్షిదారు కాదు. కక్షిదారు కాని వారి కష్టం మేం వినజాలం."

"అట్లయితే తోటనీ కలుపుకోండి. దాని తరపున నేను మాట్లాడతా."

పటాలం వకీలు మళ్ళీ లేచాడు. "ఈమె వోల్టేజీ గురించి మాట్లాడబోనని ప్రమాణం చేసి వేలిముద్ర వేశారు. ఈమె తోట తరఫున నోరు విప్పితే ప్రమాణ భంగం."

ముగ్గురూ గుసగుసలాడుకున్నారు. అధ్యక్షుడు చెప్తుంటే గుమాస్తా రాసుకున్నాడు. ఆకుతోటను మూడవ ప్రతివాదిగా చేర్చడమైనది. సదరు తోటకు తాఖీదు పంపవలెను. తోట స్వయంగా గానీ, తాను సంతకం చేసి అధికారమిచ్చిన వారి ద్వారా గానీ హాజరై తన అభ్యంతరాలు తెలుపుకోవలెను.

హాల్లో ఎవరూ నవ్వలేదు. నేను చుట్టూ చూశాను, ఎవరైనా నవ్వితే నేనూ నవ్వుదామని.

నేనూ అక్కా బస్సులో తిరిగొస్తున్నాం. ఊరు దగ్గరపడ్డాక, "దాని మాట అది చెప్పుకోవాల్నంట," అంది. "చెప్తానే ఉండాది గదరా ఇన్ని రోజుల్నుంచి."

తాఖీదు పట్టుకుని అమీనా వచ్చాడు. కోర్టు కాగితాలు తెచ్చి ఇచ్చే మనిషి. పెద్ద వయసు, పల్లెటూళ్ళు తిరిగిన మనిషే, తోట బయటే చెప్పులు విడిచాడు. ఎవరికివ్వాలో తెలియక కాసేపు వరసల మధ్య తిరిగాడు. చివరికి అన్నం మెతుకులు అడిగి తీసుకుని, ఒక అవిశ చెట్టు మొదలుకు తాఖీదు అంటించాడు. గొంతెత్తి గట్టిగా చదివాడు. తోటకు వినపడిందని నన్ను సాక్షి సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. అప్పటికి సగం తోటకే వినే ఓపిక ఉంది.

వాయిదా ముందు ఒక వాన పడి ఉంటే ఏమయ్యేదో. పడలేదు. తీగలు కణుపుకు కణుపు విడిపోయి, తాళ్ళు తెంపినట్టు కింద పడ్డాయి. అక్క కొన్నాళ్ళు వాటిని మళ్ళీ చెట్లకు కట్టింది. తర్వాత కట్టడం మానేసింది. అవిశ ఆకు కోసి బర్రెలకు వేసింది. వాయిదా నాడు తోట నగరానికి పోలేదు. ఆ రోజు పొద్దున అక్క టీకొట్టు దగ్గరికి కూడా రాలేదు.

కొద్ది రోజులకు అమీనా మళ్ళీ వచ్చాడు. ఎండలో నడిచి వచ్చాడు పాపం, కండువా తడిసిపోయి ఉంది. పాత చెట్టు దగ్గరికే పోయి పాత కాగితం పక్కన కొత్త కాగితం అంటించి, అలవాటు ప్రకారం గొంతెత్తి చదివాడు.

"మూడవ ప్రతివాది, అనగా ఆకుతోట, తాఖీదు సక్రమముగా అందియు, స్వయముగా గానీ ప్రతినిధి ద్వారా గానీ హాజరు కానందున, తక్కువ వోల్టేజీ విషయమై సదరు తోటకు ఎట్టి అభ్యంతరమూ లేదని భావించి, ఏకపక్షముగా తీర్పు ఇవ్వడమైనది. లైను ఎవరిదను ప్రధాన వివాదము యథాప్రకారము కొనసాగును."

చదివి, కాగితం అంచులు అరచేత్తో ఒత్తి, ఊడిపోదని చూసుకున్నాడు. పని శుభ్రంగా చేసే మనిషి. అక్క అన్నం పెట్టింది. వచ్చిన వాళ్ళకు పెట్టకుండా పంపే రకం కాదు. తిని, చెయ్యి కడుక్కుని, అరుగు మీద చతికిలబడి అమీనా సంచిలోంచి సున్నం డబ్బీ తీశాడు. వక్క బుగ్గన పెట్టుకున్నాడు.

"మీ ఊరి ఆకు మహా బాగుంటుందని విన్నానమ్మా," అన్నాడు. "నోరు చప్పగా ఉంది. లేత ఆకులు ఒక రెండు ఇస్తే..."

అక్క తోట వైపు చూసింది. వరసల నిండా ఉత్త చెట్లు నిలబడి ఉన్నాయి.

"అదో, ఇప్పుడు అంటిచ్చినావే ఆ కాయితం," అంది. "దానికి సున్నం రాసుకుని నములు నాయనా. ఈ తోటలో ఇంక మిగిలిన ఆకు అదొక్కటే."